మెట్ల కింద బండి

ఇంటి ఓనరు మెట్ల కింద నీళ్ళ మోటారు బిగించాలనుకోవడంతో ఆ బండి సంగతి మళ్ళీ మాటల్లోకి వచ్చింది. నెలాఖరులోగా ఆ చోటు ఖాళీ చేసిపెట్టమని మర్యాదగానే అడిగాడు. ఏడేళ్ళుగా అక్కడ ఒక మోటారు సైకిలు, నీలం టార్పాలిన్ కప్పుకుని, గోడవైపు మొహం తిప్పుకుని నిలబడి ఉంది. దాని మీద విరిగిన కుర్చీ ఒకటి, పాత పేపర్ల కట్టలు రెండు, మూత పోయిన బకెట్టు ఒకటి చేరాయి. వచ్చేపోయేవాళ్ళకి అది బండి అన్న సంగతే తెలిసేది కాదు.

అది కింది వాటాలో ఉండే ప్రూఫ్‌రీడరు భార్య బండి. ఆయనకు సైకిలు తప్ప ఏదీ నడపడం రాదు. ముప్ఫై ఏళ్ళుగా ఒకే ప్రెస్సులో, ఒకే కిటికీ పక్కన కూర్చుని, ఎవరెవరో రాసిన పుస్తకాల్లో తప్పులు దిద్దుతూ వచ్చాడు. భార్య ఇళ్ళకు వెళ్ళి రోగుల్ని చూసే నర్సు. మంచం దిగలేని ముసలివాళ్ళకు ఇంజక్షన్లు చెయ్యడం, ఎంతకీ మానని పుండ్లకు కట్లు మార్చడం, ఆపరేషనై ఇంటికొచ్చినవాళ్ళ కుట్లు చూడడం ఆమె పని. రోజుకి పదీ పన్నెండు ఇళ్ళు తిరగాలి. అందుకే పెళ్ళికి ముందే సొంతంగా ఆ బండి కొనుక్కుంది.

పొద్దున్నే మొగుణ్ణి వెనక కూర్చోబెట్టుకుని, ప్రెస్సు గేటు దగ్గర దింపి, అటునుంచటే పనికి పోయేది. మొదట్లో గేటు దగ్గర నిలబడినవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. బైండింగు గదిలోవాళ్ళు ఆయనకు ‘వెనక సీటు’ అని పేరు పెట్టారు. తర్వాత్తర్వాత అది ముద్దుపేరై కూర్చుంది. “వెనక సీటుగారి సంతకం కాకుండా అచ్చు ఫారం మిషనెక్కదు” అని కొత్తవాళ్ళకు చెప్పేవారు. ఆయన నొచ్చుకోలేదు. ముందు కూర్చున్నవాళ్ళకు రోడ్డే కనిపిస్తుంది, ఊరంతా చూడాలంటే వెనక కూర్చోవాలి అనేవాడు.

సాయంత్రం ఆమె పని ఎప్పుడు తెములుతుందో చెప్పలేం కాబట్టి ఆయన నడిచి ఇంటికి చేరేవాడు. వీధి మలుపులో బండి చప్పుడు వినిపించగానే స్టవ్వు మీద టీకి నీళ్ళు పెట్టేవాడు. ఆమె స్టాండు వేసి, బూట్లు విప్పి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని వచ్చేసరికి టీ గ్లాసుల్లోకి దిగేది. పద్దెనిమిదేళ్ళు ఇలాగే గడిచాయి. పిల్లలు కలగలేదు. మామగారు పోయాక అత్తగారు, అంటే ఆమె తల్లి, వీళ్ళ దగ్గరికే వచ్చేసింది. “పిల్లల్లేని ఇంట్లో నేనే పిల్లని, నన్ను గారాబం చెయ్యండి” అంటూ ముందు గదిలో కిటికీ పక్కన మంచం వేయించుకుంది.

ఒక వానాకాలం ఆమెకు దగ్గు పట్టుకుంది. రోగులకు మందులిచ్చే మనిషి తన దగ్గును పట్టించుకోకుండా తిరిగింది. చూపించుకునేసరికి ఊపిరితిత్తులు చాలావరకు పాడయ్యాయి. ఆసుపత్రిలో ఆరు వారాలు ఉంది. ఆ ఆరు వారాల్లోనూ ఆయన పొద్దుటి పూట ప్రెస్సుకు, మధ్యాహ్నం నుంచి ఆసుపత్రికి తిరిగాడు. ఆదివారాలు రోజంతా ఆమె దగ్గరే ఉండేవాడు.

మొదటి ఆదివారమే ఆమె అడిగింది.

“బండి స్టార్ట్ చేశావా? వారానికోసారైనా తిప్పకపోతే పట్టేస్తుంది.”

ఆయన చెయ్యలేదు. ఎలా చెయ్యాలో కూడా తెలియదు. తాళం ఎక్కడుందో కూడా చూసుకోలేదు. కానీ ఆ మొహం చూసి లేదనలేకపోయాడు.

“చేశాను.”

“ఎన్నో కిక్కుకి?”

“మూడో దానికి.”

ఆమె కళ్ళు మూసుకుని, చప్పుడు ఎలా ఉందో చెప్పమంది. ఆయన చెప్పాడు. మొదట గొంతు సవరించుకున్నట్టు రెండుసార్లు మూలిగిందని, ఆపైన సర్దుకుని ఒకే లయలో మోగిందని, మెట్ల కింద కాబట్టి కాస్త పెద్దగా వినిపించిందని. రెండో ఆదివారం మళ్ళీ అడిగింది. ఈసారి మెట్ల కింద పడుకున్న పిల్లి ఒకటి అదిరిపడి, నేరుగా ఓనరుగారి వాటాలోకి దూరి, ఆయన కాళ్ళ మధ్యనుంచి పోయిందని కల్పించాడు. ఆమె నవ్వింది. నవ్వు దగ్గులోకి దిగేసరికి వార్డు నర్సు పరుగెత్తుకొచ్చింది. ఆ తర్వాత ప్రతి ఆదివారానికీ ఆయన ముందే ఏదో ఒకటి సిద్ధం చేసుకుని వెళ్ళేవాడు. ఆరో ఆదివారం ఆమెకు మాట రాలేదు. కళ్ళతోనే అడిగింది. ఆయన చెప్పాడు. ఆ గురువారం పోయింది.

అంతే. అప్పటినుంచి ఆయన మెట్ల కిందకు తొంగి చూడలేదు. చివరి రోజుల్లో పెళ్ళానికి చెప్పిన అబద్ధం అక్కడ నిలబడి ఉన్నట్టు ఆయనకు అనిపించేది. అత్తగారికి ఆ బండంటే వేరే కోపం. వానలో దాని మీద తిరగబట్టే కూతురు ఊపిరి పాడు చేసుకుందని ఆవిడ నమ్మకం. అటుగా వెళ్ళాల్సొస్తే మొహం పక్కకు తిప్పుకుని నడిచేది. కూతురే లేనప్పుడు అల్లుడింట్లో ఎందుకని చుట్టాలు రెండు మూడుసార్లు అడిగారు. “నా మంచం ఇక్కడ కిటికీ పక్కనుంది. ఇంకెక్కడుండమంటారు?” అంది. అత్తా అల్లుడూ కలిసి వండుకున్నారు, తిన్నారు, ఒకరి జ్వరానికి ఒకరు మేలుకున్నారు. ఆమె మాట మాత్రం ఇద్దరూ ఎత్తేవారు కాదు.

ఓనరు అడిగాక ఆయన పాత సామాన్లవాణ్ణి పిలిచాడు. వాడు టార్పాలిన్ చివర ఎత్తి చూసి, చక్రాలు తిరిగితేగానీ బయటికి లాగలేనని, ముందు మెకానిక్కుతో చక్రాలు తిప్పించమని చెప్పి వెళ్ళాడు. వీధి చివర వెల్డింగు షాపు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. అక్కడి మెకానిక్కును అందరూ మేస్త్రి అంటారు. అరవై దాటిన మనిషి. ఒక బండి పూర్తయితేగానీ ఇంకోటి ముట్టుకోడు కాబట్టి గిరాకీ తక్కువ, పేరు ఎక్కువ. షెడ్డు మీద ‘మోటారు సైకిల్లు బాగు చేయబడును’ అని బోర్డు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఆ దారిన నడుస్తూ ఆ ‘ల్లు’ చూసినప్పుడల్లా ప్రూఫ్‌రీడరుకు చెయ్యి దురద పెట్టేది. ఆ రోజు ఇక ఆగలేక, అక్కడ ‘ళ్ళు’ ఉండాలండీ అని చెప్పేశాడు.

మేస్త్రి తలెత్తి బోర్డు చూసి, “ఇరవై ఏళ్ళుగా ఆ తప్పు కిందే బళ్ళు బాగుపడుతున్నాయండీ” అన్నాడు. అయినా సాయంత్రానికి పనిముట్ల సంచి భుజానేసుకుని వచ్చాడు.

కుర్చీ, బకెట్టు, పేపర్ల కట్టలు పక్కన పెట్టి టార్పాలిన్ తీశారు. మేస్త్రి వెంటనే చెయ్యి వెయ్యలేదు. కిందకు వంగి, బండి చుట్టూ టార్చి తిప్పి చూశాడు. బండి స్టాండు మీద ఉంది. ముందు, వెనక చెక్కదిమ్మలు పెట్టి ఉన్నాయి. రెండు చక్రాలూ నేలకు బెత్తెడు ఎత్తున తేలుతున్నాయి. చైనుకు పట్టించిన గ్రీజు గట్టిపడి నల్లని బెల్లం పాకంలా ఉంది. మేస్త్రి కిక్కు మీద అరచెయ్యి పెట్టి మెల్లగా నొక్కాడు. అది బరువుగా, ఆగకుండా, అడుగుదాకా దిగింది.

“ఇంజను పట్టెయ్యలేదు” అన్నాడు, తనలో తాను అనుకున్నట్టు. ఆపైన ప్రూఫ్‌రీడరు వైపు తిరిగి, సామాన్లవాడికి తర్వాతైనా ఇవ్వచ్చని, ముందు తనను షెడ్డుకు తోసుకెళ్ళి ఓసారి విప్పి చూడనివ్వమని అడిగాడు. ఆయన సరేనన్నాడు. పారేసే వస్తువును ఎవరు విప్పితే ఏమిటనుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం మేస్త్రి కబురు పెట్టాడు. ప్రూఫ్‌రీడరు వెళ్ళేసరికి బండి సగం విప్పేసి ఉంది. నేల మీద పాత పేపర్లు పరిచి, విప్పిన సామాన్లన్నీ విప్పిన వరసలోనే పెట్టుకున్నాడు మేస్త్రి. చేతిలో టీ గ్లాసు ఉంది. టీ తాగుతున్నంతసేపూ మాట్లాడడని అందరికీ తెలుసు. ప్రూఫ్‌రీడరు నిలబడి, బోల్టుల కింద కనిపిస్తున్న వార్తల్లో తప్పులు వెతుక్కున్నాడు. రెండు దొరికాయి.

గ్లాసు కింద పెట్టి మేస్త్రి అడిగాడు. “దీన్ని ఆఖరిసారి ఎవరు ముట్టుకున్నారండీ?”

“మా ఆవిడ. ఆసుపత్రికి వెళ్ళకముందు. ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు.”

“మధ్యలో మీరెప్పుడైనా స్టార్ట్ చేశారా?”

ఆ ప్రశ్న ఏడేళ్ళ తర్వాత ఇంకో నోటినుంచి వచ్చింది. “లేదు” అన్నాడు. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

“చేద్దామన్నా అయ్యేది కాదు లెండి” అన్నాడు మేస్త్రి.

ఒక్కొక్కటే చూపించాడు. పెట్రోలు ట్యాంకులో చుక్క లేదు. ఎండిపోయిన ట్యాంకు కాదది. పూర్తిగా వంచేసి, లోపల నూనె పోసి నాలుగు వైపులా తిప్పిన ట్యాంకు. అందుకే తుప్పు పట్టలేదు. కార్బురేటరు కూడా వంచేసి ఉంది. ప్లగ్గు విప్పి లోపల ఇంజనాయిలు పోసి, కిక్కుతో మెల్లగా తిప్పి, మళ్ళీ ప్లగ్గు బిగించారు. బ్యాటరీ తీసేశారు. చక్రాలు నేలకు ఆనకుండా దిమ్మలు పెట్టారు. ఆఖరుగా సైలెన్సరు గొట్టంలో దొరికిందంటూ ఒక ఉండ ఆయన చేతిలో పెట్టాడు. నూనెలో ముంచి, గుండ్రంగా చుట్టి, ఎలుకా తేమా పోకుండా కుక్కిన గుడ్డ. ఆయన దాన్ని విప్పాడు. గుడ్డ కాదు, పుండ్లకు కట్టే బ్యాండేజీ చుట్ట.

“ఇది ఆగిపోయిన బండి కాదండీ, ఆపిన బండి” అన్నాడు మేస్త్రి. “చాలాకాలం ముట్టుకోరని తెలిసి, ఒకటికి రెండుసార్లు ఆలోచించి ఆపారు. మా వాళ్ళలో సగంమందికి ఇంత ఓపిక ఉండదు.”

ప్రూఫ్‌రీడరు పక్కనున్న టైర్ల దొంతర మీద కూర్చున్నాడు. ఆయనకు బుర్రలో లెక్క తేలడానికి కాస్త సమయం పట్టింది. ట్యాంకులో పెట్రోలు లేదు. లేదని ఆమెకు తెలుసు. తెలిసే మొదటి ఆదివారం అడిగింది, స్టార్ట్ చేశావా అని. ఆయన చేశానన్నాడు. ఎన్నో కిక్కుకని అడిగింది. మూడో దానికన్నాడు. కళ్ళు మూసుకుని చప్పుడు వింది. ఆరు ఆదివారాలు వింది. అసలు మోగలేని బండి మోగుడు గురించి ఆయన చెప్తుంటే, ఒక్కసారీ అడ్డు తగలకుండా, పిల్లికి నవ్వుతూ, వింది.

అంతకన్నా మెల్లగా ఇంకో సంగతి తెలిసింది. ఆసుపత్రికి వెళ్ళేనాడు ఆమె చిన్న సంచి సర్దుకుంది. పది రోజుల్లో వచ్చేస్తానంది. ఆయన నమ్మాడు. అంతకుముందే ఎప్పుడో బండిని ఏళ్ళకు సరిపడా నిద్రపుచ్చి వచ్చింది.

మేస్త్రి ఇంకేదో చెప్తున్నాడు; రబ్బరు సామానంతా ఎండిపోయిందని, టైర్లు, పైపులు, కేబుళ్ళు మార్చాలని, క్లచ్చు ప్లేట్లు అతుక్కుపోయాయని. ఆయన వింటూ తలూపాడు. వెళ్ళేముందు మేస్త్రి, సామాన్లవాడికి ఏం చెప్పమంటారు అని అడిగితే, వద్దని చెప్పండి అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి అత్తగారు కిటికీ పక్కన కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఆయన బ్యాండేజీ చుట్టను ఆ పళ్ళెం పక్కన పెట్టాడు. ఆవిడ దాన్ని ముట్టుకోకుండా చాలాసేపు చూసింది.

“మీకు తెలుసు కదూ అత్తయ్యా” అన్నాడు.

ఆవిడ పళ్ళెం పక్కకు జరిపింది. “టార్చి నేనే పట్టుకున్నా” అంది.

ఆసుపత్రికి వెళ్ళే ముందురోజు మధ్యాహ్నం, ఆయన ప్రెస్సులో ఉండగా జరిగిందట. కూతురు తల్లిని మెట్ల కిందకు పిలిచి చేతికి టార్చి ఇచ్చింది. రెండు గంటలు పట్టింది. నాలుగు నిమిషాలకోసారి గోడకు ఆనుకుని ఊపిరి పీల్చుకునేది. ఎందుకే ఇప్పుడీ పని అని తల్లి తిట్టిందట.

“అప్పుడంది. నేను రాకపోతే ఆయన దీన్ని అమ్మడూ, నడపడూ అమ్మా, ఇలాగే నిలబెట్టేస్తాడు, నిలబడి నిలబడి పాడవకూడదు, అంది. నీకు చెప్పొద్దని ఒట్టేయించుకుంది.”

ఆయన మంచం పట్టె మీద కూర్చున్నాడు. ఆసుపత్రిలో ఆదివారాల సంగతి అడిగాడు. తాను చెప్పింది అబద్ధమని ఆమెకు తెలుసు కదా, మరి మీతో ఏమైనా అందా అని.

“అనకేం. నువ్వు మందులకి వెళ్ళినప్పుడు చెప్పేది. నీ అల్లుడికి ఇంత బాగా అబద్ధాలొచ్చని నాకు తెలీదమ్మా, పిల్లిని కూడా పెట్టాడు అందులో, అంది. వారమంతా ఆదివారం కోసం చూసేది.”

“మరి నాకెందుకు చెప్పలేదు మీరు? ఇన్నేళ్ళూ?”

ఆవిడ కిటికీలోంచి బయటికి చూసింది. ఒట్టు ఒక్కటే కాదని మెల్లగా ఒప్పుకుంది. చెప్తే అల్లుడు ఆ బండి బాగు చేయించి ఎక్కుతాడేమోనని భయపడింది. దాని మీద తిరిగి ఒకరు పోయారు, రెండోవాళ్ళు కూడా పోతే తనకెవరున్నారు అని. ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ గొంతులో ఏడుపు లేదు. ఏడేళ్ళుగా అనుకుంటున్న మాట కావడంతో అరిగిపోయినట్టుంది.

ఆయన, ఇంకేమైనా చెప్పిందా అని అడిగాడు.

“లేదు. లోపలికొచ్చి చేతులు కడుక్కుంది. గోళ్ళల్లో నూనె ఎంతకీ పోలా. మర్నాడు ఆసుపత్రి నర్సు దాని గోళ్ళు చూసి కోప్పడింది కూడా.”

ఆయనకు ఆ గోళ్ళు గుర్తున్నాయి. మంచం మీద తెల్లని దుప్పటి మీద ఆ నల్లని గోళ్ళు. రోగం గోళ్ళదాకా వచ్చేసిందనుకుని ఆ రోజు వరండాలోకి పోయి ఏడ్చాడు. ఎవరినీ అడగలేదు. ఇప్పుడు అత్తగారి ముందు కూర్చుని, ఏడవాలో నవ్వాలో తెలియక రెండూ కాస్త కాస్త చేశాడు.

మర్నాటినుంచి ప్రెస్సు అవగానే నేరుగా షెడ్డుకు వెళ్ళడం మొదలుపెట్టాడు. మేస్త్రి ఆయన్ను పొమ్మనలేదు, రమ్మనలేదు. మూడో నాడు మాత్రం కిరసనాయిలు గిన్నె, బ్రష్షు ముందుకు తోసి, ఊరికే కూర్చోకుండా ఇవి కడగండి అన్నాడు. ఆయన కడిగాడు. చిన్న చిన్న సామాన్లు, వేటికి ఏం పేరో తెలియనివి. ఆమె చెయ్యి తగలని సామాను ఆ బండిలో బహుశా ఒక్కటీ ఉండదు. ఒక బోల్టు తల మీద తెల్ల రంగుతో చుక్క పెట్టి ఉంది. అదెందుకని అడిగితే, అక్కడ మర ఉల్టా అని, మర్చిపోయి మామూలు బోల్టులా తిప్పకుండా ఆవిడ గుర్తు పెట్టుకుందని మేస్త్రి చెప్పాడు. ఆమె ఆ చుక్క పెడుతున్నప్పుడు తానెక్కడున్నాడు, ఏ పుస్తకంలో ఏ దీర్ఘం దిద్దుతున్నాడు అని ఆయన ఆలోచించాడు. పద్దెనిమిదేళ్ళు వెనకే కూర్చున్నాడు. ఆమె బండి గురించి ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడిగుంటే ఎంత సంబరంగా చెప్పేదో అనిపించి ఆ సాయంత్రం చెయ్యి కదల్లేదు.

క్లచ్చు ప్లేట్లు విడదీయడానికి వారం పట్టింది. ఇంజను మూత కింద నూనె కారకుండా వేసే ప్యాకింగు ఎక్కడా దొరకలేదు. ఆ రకం బళ్ళు తయారవడం ఎప్పుడో ఆగిపోయింది. మేస్త్రి రెండు షాపులు తిరిగి వచ్చి ఊరుకుంటే, ప్రూఫ్‌రీడరు ప్రెస్సు బైండింగు గదిలోంచి మందపాటి అట్ట ముక్క తెచ్చాడు. మేస్త్రి దాన్ని వేళ్ళతో నలిపి చూసి, పనికొస్తుందని, మూత అచ్చు గీసుకుని చిన్న కత్తెరతో కత్తిరించి, నూనెలో నానబెట్టి అమర్చాడు. “మీ బండిలో ఇప్పుడు పుస్తకం అట్ట కూడా ఉందండీ” అన్నాడు. ఆ నెల రోజుల్లో మేస్త్రి వేసిన జోకు అదొక్కటే.

ఒక సెలవు రోజు సాయంత్రం కొత్త పెట్రోలు పోశారు. మేస్త్రి కిక్కు కొట్టాడు. ఏమీ లేదు. పది కొట్టాడు. ప్లగ్గు విప్పి తుడిచి మళ్ళీ పెట్టాడు. ఇంకో ఐదారు కొట్టేసరికి గొట్టంలోంచి తెల్లని పొగ గుప్పున వచ్చి, ఎదురింటివాళ్ళు కిటికీ తలుపులు మూసుకున్నారు. ఇంజను దగ్గింది, ఆగింది, మళ్ళీ అందుకుంది. ఈసారి ఆగలేదు.

ఆయన ఆసుపత్రిలో చెప్పినట్టు లేదు ఆ చప్పుడు. ఒకే లయ అన్నది ఉత్త మాట. కాస్త ముతకగా, మధ్య మధ్య ఒక దెబ్బ మర్చిపోయి మళ్ళీ పరుగున కలుపుకుంటున్నట్టు ఉంది. వినగానే ఆయనకు అదే చప్పుడని తెలిసిపోయింది. తల దానంతటదే వీధి మలుపు వైపు తిరిగింది. బండి కళ్ళ ముందు ఉంది, మేస్త్రి చేతి కింద ఉంది. అయినా ఆయన మలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. సాయంత్రం ఎండలో ఆ మలుపు దగ్గర ఒక ఆవిడ కూరగాయల సంచి చేతులు మార్చుకుంటోంది. ఒక సైకిలు వచ్చింది, పోయింది.

మేస్త్రి ఇంజను ఆపి ఏమైందన్నాడు.

“ఏం లేదు. ఇంకోసారి స్టార్ట్ చెయ్యండి.”

మేస్త్రి చేశాడు. ఎందుకని అడక్కుండా ఆ సాయంత్రం నాలుగుసార్లు ఆపి, నాలుగుసార్లు స్టార్ట్ చేశాడు. నాలుగుసార్లూ ఆయన మలుపు వైపే చూశాడు. ఆ తర్వాత మేస్త్రి చేతులు తుడుచుకుంటూ, మరి ఎవరు నడుపుతారండీ దీన్ని అని అడిగాడు. అన్నాళ్ళూ ఇద్దరికీ ఆ ఆలోచనే రాలేదు.

యాభై ఏడేళ్ళ వయసులో ఆయన నేర్చుకున్నాడు. ఆదివారం పొద్దుట ప్రెస్సు వెనక, కాగితం రీళ్ళు దింపే ఖాళీ జాగాలో మేస్త్రి నేర్పాడు. సైకిలు అలవాటు ఉంది కాబట్టి నిలకడ త్వరగానే వచ్చింది. క్లచ్చు మాత్రం నెల తిప్పలు పెట్టింది. రెండుసార్లు పడ్డాడు. రెండోసారి మోకాలు చెక్కుకుని ఇంటికొస్తే అత్తగారు మందు పెట్టెలోంచి దూది తీసి తుడుస్తూ ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడమే ఆయనకు ఎక్కువ తగిలింది. లైసెన్సు పరీక్షలో పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళ మధ్య వరసలో నిలబడి, ఎనిమిది ఆకారం గీత మీద తిప్పి చూపించాడు. గీత దాటకుండా తిప్పడంలో ప్రూఫ్‌రీడరుకు మార్కులు పడ్డాయి.

మొదటి రోజు ఒంటరిగా ఊళ్ళోకి వెళ్ళినప్పుడు ఆయనకు గాలి గుండెల మీద కొట్టింది. ఇన్నేళ్ళూ ఆ గాలి ముందు ఆమెకు తగిలి, పక్కలనుంచి చీలి తన దగ్గరకొచ్చేదని అప్పుడు తెలిసింది. రోడ్డు పక్కన బండి ఆపుకుని, చొక్కా పై గుండీ పెట్టుకుని, కాసేపు ఆగి మళ్ళీ బయల్దేరాడు.

ఆ తర్వాత నెలకి అత్తగారికి కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిన రోజు వచ్చింది. కంట్లో ఒత్తిడి చూపించుకోవడానికి ఆర్నెల్లకోసారి వెళ్ళాలి. ఆయన ఆటో కోసం చెప్పులు వేసుకుంటుంటే ఆవిడ గుమ్మంలో నిలబడింది.

“ఆటో ఎందుకు. దాని మీదే పోదాం” అంది.

ఆయన తిరిగి చూశాడు. ఆవిడ అప్పటికే చీర కుచ్చిళ్ళు ఎత్తి బొడ్లో దోపుకుంది.

“అది బతికున్నన్నాళ్ళూ అడిగేది, ఒక్కసారి ఎక్కవే అమ్మా, బజారుదాకా తిప్పి తీసుకొస్తానని. నా పరువు తీయకని తిట్టేదాన్ని. ఒక్కసారి ఎక్కుంటే దాని సొమ్మేం పోయేది, నా సొమ్మేం పోయేది.”

ఓనరు కోడలు కుర్చీ తెచ్చి వేసింది. దాని మీదనుంచి ఆవిడ ఒక పక్కకు కూర్చుని, రెండు చేతులా అల్లుడి చొక్కా పట్టుకుంది. ఆయన చాలా మెల్లగా నడిపాడు. సైకిళ్ళు దాటిపోతున్నా పట్టించుకోలేదు. పెద్ద రోడ్డు మీద సిగ్నలు దగ్గరకొచ్చేసరికి ముందు బస్సులు, లారీలు చాలా ఆగి ఉన్నాయి. పక్కన సందుంది. ఆయన అందులోకి దూరే ధైర్యం చెయ్యక వరసలోనే ఆగాడు.

“మీ అమ్మాయైతే ఈపాటికి సందులోంచి దూరిపోయేది” అన్నాడు, ముందుకు చూస్తూనే.

“ఏంటి బాబూ? వినపళ్ళా.”

“ఏం లేదత్తయ్యా.”

“చెప్పు. ఏదో అన్నావు దాని గురించి.”

ఆయన గొంతు పెంచి మళ్ళీ చెప్పాడు. పక్క బండి మీదున్నవాళ్ళు తిరిగి చూశారు. చొక్కా మీద చేతుల పట్టు బిగిసింది.

“దూరిపోయేది” అంది ఆవిడ. “నువ్వు వెనక్కూర్చుని కళ్ళు మూసుకునేవాడివట కదా.”

“ఎవరు చెప్పారు?”

“అదే చెప్పింది.”

ఇంకేం చెప్పిందని ఆయన అడగబోతుండగా పచ్చ దీపం వెలిగింది. కంగారులో క్లచ్చు ఒక్కసారిగా వదిలేశాడు. బండి ఒక కుదుపు కుదిపి ఆగిపోయింది. వెనకనుంచి హారన్లు మొదలయ్యాయి. ఆవిడ దిగలేదు. చొక్కా వదలకుండానే సగం వెనక్కి తిరిగి, ఆగండి నాయనా, స్టార్టవుతుంది అని వాళ్ళందరికీ చెప్పింది. ఆయన కిక్కు మీద కాలు పెట్టాడు.